నల్లపిల్లకు ఫోటో తీశాను

పెళ్ళిచూపులకు ముందు స్టూడియోకి వెళ్ళి ఫోటో దిగినవాళ్ళు మీలో చాలామందే ఉంటారు. నేనూ దిగాను, 1998లో, ఇంటర్ పరీక్షలయ్యాక. నా రంగు చామనఛాయ కంటే ఓ పిసరు ఎక్కువే. స్టూడియో ఆయన మొహానికి పౌడరు దట్టించి, లైట్లు రెండూ మీదికి తిప్పి తీశాడు. ఆ ఫోటో చూసి వచ్చిన మొదటి సంబంధంవాళ్ళు కాఫీ తాగుతూనే "ఫోటోలో ఇంత నలుపు లేదే" అన్నారు. మర్చిపోయాననుకున్న ఆ మాటను నిరుడు ఒక కుక్కపిల్ల గుర్తుచేసింది.

మాది మార్కాపురం. మా ప్రహరీ పక్కన ఈనిన కుక్క లారీ కింద పడి పోయింది. నాలుగు పిల్లలు మిగిలాయి. మూడు గోధుమరంగు మగపిల్లల్ని వారం తిరక్కుండా వీధిలోవాళ్ళే పట్టుకుపోయారు. నాలుగోది నలుపు, పైగా ఆడది, పైగా వెనక కాలు కుంటి. మా అత్తయ్యగారు "నల్లకుక్క కాలభైరవుడి వాహనమే" అంటూ పెరుగన్నం పెట్టేవారు, గడప మాత్రం దాటనివ్వలేదు. మావారికి దుమ్మంటేనే ఆయాసం. పలకల ఊరు కదా, దానికి 'పలక' అని పేరు పెట్టుకున్నాం.

మిట్టమధ్యాహ్నం సిమెంటు మెట్ల మీద కూర్చోబెట్టి ఫోను నొక్కాను. నల్లటి ముద్ద, అందులో రెండు చుక్కలు! వాట్సాప్ స్టేటస్‌లో పెడితే ఒక్కరూ అడగలేదు. "కాకిపిల్లా వదినా?" అని మాత్రం ఒకావిడ అడిగింది.

అమెరికాలో నార్త్ కరోలినాలో ఉండే మా చెల్లెలి కూతురు అప్పుడో సంగతి చెప్పింది. అక్కడ వేక్ కౌంటీలో షానన్ జాన్‌స్టోన్ అనే ఫోటోగ్రాఫరు 2012 చివర్నుంచి 2014 మొదలుదాకా, ప్రభుత్వ శరణాలయంలో ఎవరూ తీసుకోక మిగిలిపోయిన కుక్కల్ని వారానికొకటి చొప్పున ఓ గుట్ట మీదికి తీసుకెళ్ళి ఫోటోలు తీసిందట. అది చెత్త పూడ్చిన గుట్ట. చోటు చాలక ఇంజెక్షనిచ్చి చంపిన కుక్కల్ని ఆ చెత్తలోనే పూడ్చేవాళ్ళట. పైన పచ్చిక పెరిగి పార్కయింది. ఆ పచ్చికలో చెవులెగరేస్తూ గంతులేసే ఫోటోలు చూసి జనం వచ్చి చాలా కుక్కల్ని ఇళ్ళకు తీసుకెళ్ళారట. మన హైదరాబాదులో అమలగారు 1992లో పెట్టిన బ్లూ క్రాస్‌వాళ్ళూ కుక్కల్ని దత్తతకిస్తారు.

మీకూ పనికొస్తుంది, ఆ పిల్ల నేర్పిన కిటుకులు చెబుతాను. నిలబడి పైనుంచి తీయకండి. కింద చతికిలబడి దాని కళ్ళకు సమానంగా ఫోను పెట్టండి. పొద్దుటెండగానీ, సాయంత్రం నీరెండగానీ మేలు. ఫ్లాష్ వేస్తే దయ్యం కళ్ళొస్తాయి. నల్లదాని వెనక తెల్లగోడ వద్దు, ఆకుపచ్చ చెట్టో పాత పసుపుచీరో ఉంటే బాగుంటుంది. ఫోనులో దాని ముఖం మీద వేలుతో తాకితే వెలుతురు దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. ఎవరైనా పక్కనుంచి స్టీలు గిన్నె టంగుమనిపిస్తే చెవులు నిక్కబొడుచుకుంటాయి, అప్పుడు నొక్కాలి.

అట్లాగే తీశాను. ఎంత ముద్దుగా వచ్చిందో! కానీ కుంటికాలు కనపడకుండా కూర్చోబెట్టి తీశాను. రాయనూ లేదు. రెండోరోజుకే గిద్దలూరు నుంచి వచ్చి, నిద్రపోతున్నదాన్ని అట్లాగే ఎత్తుకుపోయారు. నేనూ లేపలేదు. నాలుగోరోజు అట్టపెట్టెలో పెట్టి తిరిగి తెచ్చారు. "ఫోటోలో కుంటిదని లేదే" అన్నాడాయన. వాళ్ళ చిన్నబాబు పెట్టె వదలకుండా ఏడుస్తున్నాడు. నాకు నోట మాట రాలేదు. ఆ స్టూడియో ఆయన్ని ఇన్నేళ్ళు తిట్టుకున్నానే, నేను చేసిందేమిటి? పలక రెండ్రోజులు అన్నం ముట్టలేదు.

పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళి చూపించాను. కాలు ఇక సరికాదు, నొప్పి మాత్రం లేదన్నారు. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా వేయించాను. మళ్ళీ సాయంత్రంపూట, ఈసారి నడుస్తుండగా, కాలు బాగా కనపడేట్టు ఫోటో తీశాను. కింద రాశాను: ఆడపిల్ల. వెనక కాలు కుంటి. టీకా అయింది. ఏటా వేయించాలి. పెద్దయ్యాక పిల్లలు పుట్టని ఆపరేషన్ చేయించాలి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా వీధికుక్కల్ని దత్తత తీసుకోవచ్చంటూ, తీసుకున్నాక మళ్ళీ వీధిన పడనివ్వకూడదంది. ఆ ముక్కా చేర్చాను.

నెల దాటినా ఉలుకూపలుకూ లేదు. "నిజం రాస్తే ఇంతే" అని మావారు సాధించారు. నలభైరోజులకు తర్లుపాడు వైపు నుంచి ఒకావిడ బస్సు దిగి వచ్చింది. బత్తాయితోటలో కాపురమట. నేనే ముందు కాలు చూపించబోయాను.

"చూశాలేమ్మా, ఫోటోలో ఉందిగా. సంగటి తింటదా?" అంది.

తింటుందన్నాను. చీరకొంగులో చుట్టుకుని తీసుకుపోయింది. మా అత్తయ్యగారు గడపలో నిలబడి బస్టాండు వైపు చాలాసేపు చూశారు.

సంక్రాంతికి ఆవిడ ఫోటో పంపింది. మిట్టమధ్యాహ్నం, నిలబడి, పైనుంచి తీసింది. బత్తాయిచెట్టు కింద నల్లటి ముద్ద, అందులో రెండు చుక్కలు.