విరిగిన కత్తి, నేను వేసిన లెక్క



ఈసారి ఉపదేశం కాదు, నా తప్పొకటి మీ ముందు ఒప్పుకుందామని రాస్తున్నాను. చూడటానికి చిన్న విషయమే. ఒక కత్తి గురించి.

మా సంఘంలో ఒక అబ్బాయి ఉన్నాడు. చిన్నప్పుడు సండేస్కూల్లో నా ముందు కూర్చుని వాక్యాలు కంఠస్థం చేసినవాడు. తండ్రి లేడు. తల్లి బీడీలు చుట్టి వాణ్ణి చదివించింది. ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం. మొన్న క్రిస్మస్‌కు వచ్చినప్పుడు వాడి సంచిలో కొత్త కత్తి ఒకటి ఉంది. 11 వేల రూపాయలు పెట్టి తెప్పించుకున్నాడట. మంచి ఉక్కు, చేతిలో పెట్టుకుంటే బరువు సమంగా కూర్చుంది. నేనూ పట్టుకుని చూసి మెచ్చుకున్నాను.

పండుగ మరునాడు వాడూ, వాడి స్నేహితులూ ట్రాక్టర్ మెకానిక్ షెడ్డు దగ్గర చేరారు. ఆ కత్తిని తుమ్మ మొద్దు మీద పెట్టి సుత్తితో కొట్టి దిగేశారు. ఇటుక మీద కొట్టారు. ఇనుప పైపు మీద కొట్టారు. చివరికి వైసులో బిగించి, ఎంత వంగుతుందో చూద్దామని వంచారు. టప్పున రెండు ముక్కలైంది. పిల్లలు ఈలలు వేశారు. ఒకడు ఫోన్‌లో వీడియో తీశాడు. సాయంత్రానికల్లా ఆ వీడియో ఊరంతా తిరిగి నా ఫోన్‌కూ వచ్చింది.

నాకు కోపం వచ్చింది. 31వ తేదీ రాత్రి ఆరాధనలో పేరు చెప్పకుండానే ఆ సంగతి ఎత్తాను. కొందరికి సరదా కోసం 11 వేలు విరగ్గొట్టడం చేతనవుతుంది, ఆ డబ్బు రావాలంటే ఒక తల్లి ఎన్ని వేల బీడీలు చుట్టాలో లెక్క వేసుకోండి అన్నాను. నేనే లెక్క వేసి వినిపించాను కూడా. అందరి తలలూ ఒకే వైపు తిరిగాయి. ముందు వరుసలో చాప మీద కూర్చున్న ఆ తల్లి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ప్రసంగం బాగా తగిలిందని నేను సంతోషపడ్డాను. ఆ సంతోషమే ఇప్పుడు నన్ను ఎక్కువగా బాధిస్తోంది.

తెల్లారి బస్సుకే అబ్బాయి వెళ్లిపోయాడు. తర్వాతి ఆదివారం తల్లి కూడా రాలేదు.

ఆ వారంలోనే గడ్డపార మొన సాగగొట్టించుకుందామని కమ్మరి తాత దగ్గరికి వెళ్లాను. కొలిమి పక్కన ఆ కత్తి ముక్కలు రెండూ కనిపించాయి. అబ్బాయే తెచ్చి, ఇది ఇక్కడే ఎందుకు విరిగింది తాతా అని అడిగాడట. చూశారా వాడి నిర్వాకం అన్నాను. తాత నవ్వి విరిగిన చోటు నాకు చూపించాడు.

"ఇరిగితేనే గద అయ్యగారూ, లోపల కనవడేది. ఇగో, సన్నగ, బూడిద లెక్క ఉన్నది. చేసినోడు పనిమంతుడు. మంట ఎక్కువైతే చక్కెర లెక్క మెరుస్తది."

ఆయన తండ్రి కొత్తగా లారీ కమాన్ పట్టీ వచ్చినప్పుడల్లా ఒక ముక్క కోసి, కాల్చి, నీళ్లలో ముంచి, విరిచి చూసేవాడట. ఆ ముక్క పోతుంది. కానీ ఆ పట్టీతో చేసిన కొడవళ్లు రైతు చేతిలో విరగవు. మన ఇళ్లకు వాడే ఇనుప చువ్వలను కూడా కంపెనీల్లో కొన్నింటిని లాగి తెంచి చూసిన తర్వాతే బయటికి పంపుతారు.

అప్పుడు నాకు మా నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రం గుర్తొచ్చింది. ఒకప్పుడు అక్కడి ఉక్కు కోసం పర్షియా నుంచి వ్యాపారులు వచ్చేవారు. మట్టి మూసలో ఇనుము పెట్టి, మూత బిగించి, గంటల తరబడి కాల్చేవారు. చల్లారాక మూసను పగలగొడితేనే ఉక్కు ముద్ద చేతికొచ్చేది. ముద్దకొక మూస పోవలసిందే. పగలగొట్టడం అన్నిసార్లూ పాడుచేయడం కాదని ఈ నేల మీద పనిచేసినవాళ్లకు ఎప్పుడో తెలుసు. నాకే తెలియలేదు.

అక్కడి నుంచి నేరుగా ఆ తల్లి ఇంటికి వెళ్లాను. ఆమె చాట ఒళ్లో పెట్టుకుని, కత్తెరతో తునికాకు కత్తిరిస్తోంది. ఎందుకమ్మా మందిరానికి రాలేదు అని అడిగాను. తల ఎత్తకుండానే అంది.

"వాడు ఇరగ్గొట్టుకున్నది వాని కత్తి అయ్యగారూ. మీరు అందరి ముందు లెక్కవెట్టింది నా బీడీలు."

నాకు జవాబు లేదు. కాసేపు కూర్చుని లేచి వచ్చేశాను.

బేతనియలో జరిగినది మీకు తెలుసు. ఒక స్త్రీ విలువైన అత్తరు బుడ్డి పగలగొట్టి ప్రభువు తల మీద పోసింది. చుట్టూ ఉన్నవారు దాని ధర లెక్క కట్టారు. 300 దేనారాలకు పైనే అన్నారు. దేనారం అంటే ఒక రోజు కూలి, అంటే దాదాపు ఏడాది సంపాదన. బీదలకు ఇవ్వవచ్చు కదా అని ఆమె మీద సణిగారు. ఆమె జోలికి పోవద్దన్నాడు ప్రభువు. మా అబ్బాయి కత్తి ఆ అత్తరుతో సమానమని నేననడం లేదు. ఆమె ప్రేమతో పగలగొట్టింది, వీడు సరదాకు విరగ్గొట్టాడు. కానీ ఆ ఇంట్లో నేనెక్కడ కూర్చున్నానో నాకు అర్థమైంది. లెక్క వేసేవారి వరుసలో కూర్చున్నాను. బీదరాలి కష్టాన్ని రాయిలా పట్టుకుని, ఆమె కొడుకు మీదికే విసిరాను.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆరేళ్ల క్రితం మాకెవరో మంచి కత్తుల సెట్టు బహుమతిగా ఇచ్చారు. పాడవుతాయని బీరువాలో దాచాం. మా ఆవిడ ఇప్పటికీ పాత కత్తిపీట మీదే కూరగాయలు తరుగుతుంది. ఆ రాత్రి డబ్బా తెరిచి చూస్తే రెండు కత్తులకు తుప్పు పట్టింది. ఒక్క కాయ కోయకుండానే పాడయ్యాయి. వీటి గురించి నేనెప్పుడూ ప్రసంగం చేయలేదు.

మరునాడు అబ్బాయికి ఫోన్ చేసి, క్షమించు నాయనా అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు.

"చిన్నప్పుడు మా ఇంట్ల గ్లాసు పలిగినా అమ్మ ఏడ్సేది అయ్యగారూ. ఏది ముట్టుకున్నా భయమే. నా పైసలతోని కొన్నది ఒక్కటన్నా భయం లేకుంట పట్టుకోవాలనిపించింది. ఇరిగినంక మాత్రం మంచిగ అనిపియ్యలే. అందుకే తాత దగ్గరికి తీస్కపోయిన."

ఇంతకీ అది దుబారానా, కాదా? నన్నడిగితే కొంత దుబారానే. ఆ కత్తి వెనక గని కార్మికుడి చెమట ఉంది, కొలిమి ముందు నిలబడిన మనిషి ఓర్పు ఉంది. ఈలల కోసం విరగ్గొట్టి అక్కడే పారేసి పోతే, ఆ మనుషులను చిన్నచూపు చూసినట్టే. కానీ విరిగిన ముక్కను చేతిలోకి తీసుకుని ఎందుకు విరిగిందని అడిగినవాడు దాన్ని పూర్తిగా పారేయలేదు. అయిదు వేల మందికి పెట్టిన తర్వాత కూడా ప్రభువు మిగిలిన ముక్కలు ఏరించాడు, 12 గంపలు నిండాయి. ముక్కలకూ విలువ ఉంది.

సరదా కూడా పాపం కాదు. కష్టంలో పెరిగిన పిల్లవాడి మొదటి సరదాను ధర కట్టి తూచే ముందు, వాడికి ఇంతకాలం ఏవేవి దొరకలేదో పెద్దవాళ్లం అడగాలి. నేనడగలేదు. కత్తి విరిగితే 11 వేలు పోయాయి. నా మాటకు ఒక తల్లి తల వంగింది, ఒక బిడ్డ మందిరానికి దూరమయ్యాడు. ఏది పెద్ద నష్టమో నాకిప్పుడు ఎవరూ లెక్క వేసి చెప్పనక్కరలేదు.

ఆ తర్వాతి ఆదివారం ఆరాధన మొదట్లోనే సంఘం ముందు నిలబడి, ఆ రాత్రి నేను మాట్లాడింది తప్పని ఒప్పుకున్నాను. అందరి ముందు అన్న మాటను అందరి ముందే వెనక్కి తీసుకోవాలి. ఆ తల్లి వెనక వరుసలో కూర్చుంది. వచ్చింది, అదే నాకు చాలు.

కమ్మరి తాత ఆ పెద్ద ముక్కను, వేడెక్కకుండా నీళ్లు పోస్తూ మెల్లగా సానబట్టి, చిన్న కూరగాయల కత్తి చేసి ఆమెకిచ్చాడు. మా ఇంట్లో తుప్పు వదిలించిన కత్తులు కూడా ఇప్పుడు వంటగదిలోనే ఉన్నాయి. అబ్బాయి ఈస్టర్‌కు వస్తానన్నాడు. వాడి కోసం ప్రార్థించండి. వాడి కంటే ముందు నా నాలుక కోసం ప్రార్థించండి.