బండి చెప్పిన మాట

మాది జమ్మలమడుగు పక్క పల్లె. నాయన ప్రొద్దుటూరులో పత్తి మిల్లు హమాలీ. మూట వీపు మీద పడంగానే తూకం ఎంతో చెప్పేవాడు. నాకు ఆ విద్య లారీలో అబ్బింది. మిలిటరీలో శక్తిమాన్ తోలేవాణ్ణి. గేరు వేసి కదిలిస్తే చాలు, లోడు ఎంతో తెలిసేది.

1986 చలికాలంలో మమ్మల్ని రాజస్థాన్ ఎడారికి పంపినారు. బ్రాస్‌టాక్స్ అని పేరు, జనరల్ సుందర్జీ తలపెట్టిన విన్యాసాలు. లక్షలమంది సైన్యం అంట. మాకు తెలిసింది మటుకు ఇసుక, చలి, కొలిచి పోసే నీళ్లు. ఇది ఉత్త ప్రాక్టీసేనని, శబ్దం తప్ప ఏమీ లేని తూటాలే కాలుస్తామని చెప్పినారు.

జనవరి ఆఖర్లో ఒక రాత్రి లోడు మారింది. ఎవరూ ఏమీ చెప్పలేదు. బండి కదిలిస్తే వెనక కమాన్‌పట్టీలు కూర్చుండిపోయినాయి. ప్రాక్టీసు పెట్టెలకు బండి అట్ల కూర్చోదు. పక్కన పులివెందుల పిల్లోడు, నాకంటే ఆరేండ్లు చిన్న. "అన్నా, ఇవి నిజం గుండ్లు గదూ?" అన్నాడు. నేను పలకలేదు.

లైట్లు వేయకూడదు. ముందు బండి వెనక ఇరుసు గుండుకు తెల్లరంగు పూసి, దాని మీద చిన్న బల్బు పెట్టింటారు. ఆ తెల్లచుక్కను పట్టుకొని పోవాల. నడిరేయి దాటినాక దుమ్ములో చుక్క మాయమైంది. మా బండి దారి తప్పి ఇరుసు దాకా దిగబడింది. టైర్లలో గాలి తీసినాం, పారతో తవ్వినాం. తవ్వే కొద్దీ ఇసుక జారి పడుతుండె. ముందు పోయిన బండ్ల సద్దు సన్నగిల్లి ఆగిపోయింది.

వెనక గుండ్లు పెట్టుకొని మంట వేయలేం, బీడీ కూడా అంటించలేం. ఒకే కంబళి ఇద్దరం కప్పుకొని కూర్చున్నాం. పిల్లోడు వాళ్ల చెనిక్కాయ చేను గురించి, వాన ఎగ్గొట్టిన ఏడాది గురించి చెబుతానే ఉన్నాడు. ఉన్నట్టుండి ఆగి, "రేపు యుద్ధమా అన్నా?" అన్నాడు.

"పండుకో అబ్బీ."

వాడు పండుకోలేదు. నేనూ పండుకోలేదు.

తెల్లారినాక మేకల కాపరి ఒకాయన వచ్చి తన నీళ్లు మాకు పోసినాడు. సరిహద్దు దిక్కు చెయ్యి చూపి ఏదో అడిగినాడు. 'లడాయి' అన్న మాటొక్కటే అర్థమైంది. బండి నిండా గుండ్లుండి కూడా ఆయనకు ఏం చెప్పాలో నాకు తెలీలేదు. లాగే బండి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది.

పాకిస్తాన్ సేనలు పంజాబుకు ఎదురుగా నిలబడినాయని, జనవరి 23న మన సేనలను సరిహద్దుకు కదలమన్నారని చానా ఏండ్లకు చదువుకున్నా. ఆ దినాల్లో నాకంటే నాయనకే ఎక్కువ తెలుసు, టీకొట్టు రేడియోలో రోజూ వింటుండె. "యుద్ధమంటాండారు, నిజమేనా?" అని ఇన్‌లాండు కవరు రాయించినాడు. యాడుండేదీ రాయకూడదు. "ఇదంతా ప్రాక్టీసే నాయనా, అన్నం బాగా పెడతాండారు" అని జవాబు రాసినా.

ఫిబ్రవరి 4న ఢిల్లీలో సేనలను వెనక్కి తీసుకుందామని రెండు దేశాలూ ఒప్పుకున్నాయి. ఆ నెలలోనే పాకిస్తాన్ అధ్యక్షుడు జియా ఉల్ హక్ క్రికెట్ చూడను జయపూర్‌కు వచ్చినాడు. మేమింకా ఇసుకలోనే ఉన్నాం. పెట్టెలు దింపిన పొద్దు బండి జానెడు లేచింది.

సెలవు దొరికి ఎర్రగుంట్ల స్టేషన్లో దిగినా. నాయన వచ్చినాడు. నా ట్రంకుపెట్టె భుజానికెత్తుకోబోయి, ఆగి నా రెక్క పట్టుకొని చూసినాడు.

"అన్నం బాగా పెడతాండారని రాస్తివే?"