సీలు విప్పే తొందర

కార్బన్ ఫైబర్ ప్యానెల్లో బుడగలు కనబడితే ఒకప్పుడు నా అనుమానమంతా వాక్యూమ్ మీదో, ఒత్తిడి మీదో. ప్యానెల్‌ను కప్పిన వాక్యూమ్ బ్యాగ్ ఎక్కడో లీకై ఉంటుంది, లేదా ప్యానెల్‌ను ఒత్తిడిలో వేడిచేసే ఆటోక్లేవ్‌లో ఒత్తిడి చాలి ఉండదు. ఈ రెండూ కాకుండా మూడో కారణం వెతకలేదు. అందుకే ఒక వానాకాలం హైదరాబాద్‌లో వరసగా ప్యానెళ్లు పాడుచేశాను.

ప్రీప్రెగ్ అంటే ముందే ఎపాక్సీ రెజిన్ పట్టించిన ఫైబర్. రెజిన్ ముదిరిపోకుండా మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్లో ఉంచుతాం. బయటికి తీశాక రోల్ లోపలి చుట్ల దాకా గది ఉష్ణోగ్రతకు వచ్చేవరకూ కవరు సీలు విప్పకూడదు. పెద్ద రోలైతే రాత్రంతా పట్టొచ్చు. డెలివరీ తేదీ దగ్గరపడిందని నేను ఆగలేదు. "ఇంకా చల్లగానే ఉంది సార్" అన్నాడు టెక్నీషియన్, రోల్ మీద చెయ్యి పెట్టి. కవరు మీద చెమట ఆరింది కదా, కోసెయ్యమన్నాను. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు పట్టినట్టే జూలై గాలిలోని తేమ ఆ చుట్లకు పట్టింది, కాకపోతే కంటికి ఆననంత పల్చగా. పొర మీద పొర వేసి ఆ నీటిని మేమే లోపల బిగించాం.

ప్యానెల్‌ను ఆటోక్లేవ్‌లో వేడిచేసేటప్పుడు, 120 డిగ్రీల దగ్గర నీటి ఆవిరి పీడనం 2 బార్ దాకా వెళ్తుంది. రెజిన్‌లో ఒత్తిడి అంతకు మించి ఉన్నంతసేపూ తేమ అందులో కరిగే ఉంటుంది. ఒత్తిడి తగ్గిందా, బుడగై ఉబ్బుతుంది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఆ తర్వాత చేసిన పని. గాలి బయటికి పోవట్లేదనుకుని బ్లీడర్ గుడ్డ ఇంకో పొర పెంచాను. అది రెజిన్‌ను పీల్చేసింది. రెజిన్ తగ్గేకొద్దీ ఫైబర్లు ఒకదానికొకటి ఆనుకుని బరువంతా అవే మోశాయి. గేజి 6 బార్ చూపిస్తూనే ఉంది, కానీ అది బ్యాగ్ మీద ఉన్న ఒత్తిడి. రెజిన్‌కు అందులో దక్కింది చాలా తక్కువ. చదువుకున్న విషయమే, అయినా తట్టలేదు. ముక్క కోసి, పాలిష్ పట్టి మైక్రోస్కోప్ కింద పెడితే పొరల మధ్య సన్నగా, పొడుగ్గా నల్లటి ఖాళీలు, అంతకుముందు కన్నా ఎక్కువ. ఈ ఖాళీలు (వాయిడ్లు) 1 శాతం పెరిగితే పొరల మధ్య కోతను తట్టుకునే బలం సుమారు 7 శాతం పడిపోతుంది. ఆ ప్యానెళ్లన్నీ పక్కన పడేశాం.

ఇప్పుడు రోల్ ముందురోజు సాయంత్రమే ఫ్రీజర్ దిగుతుంది, తీసిన టైము కవరు మీద రాస్తాం. గదిలో తేమ 60 శాతం దాటితే లేఅప్, అంటే పొరలు పేర్చడం, ఆపేస్తాం. కొన్ని పొరలకోసారి వాక్యూమ్ పెట్టి గాలి లాగుతాం. బ్లీడర్ ఎంత వాడాలో రెజిన్ డేటాషీటే చెబుతుంది. టెక్నీషియన్ చల్లగా ఉందంటే పని అక్కడే ఆగుతుంది. ఆలస్యమవుతుందని కస్టమర్‌కు ఫోన్ చేసేది నేనే.