అచ్చంపేట ఎన్ని బంతులు వేశాడు?

మా హాస్టల్లో ఎవరినీ అసలు పేరుతో పిలవరు. ఈ సంగతి పాత అన్నలందరికీ తెలిసిందే. ఊరి పేరే మనిషి పేరు. దేవరకొండ, జహీరాబాద్, వికారాబాద్, అచ్చంపేట. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని కమిటీ తమ్ముళ్ళు అడిగితే చదువు గురించి రాద్దామా, మెస్ గురించి రాద్దామా అని చాలాసేపు ఆలోచించాం. మెస్ గురించి ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. చివరికి మేము నలుగురం కూర్చుని, 2021 డిసెంబరులో మా చేతుల మీదుగా జరిగిన ఒక పొరపాటు గురించి రాయాలనుకున్నాం.

అప్పుడు మాది డిగ్రీ రెండో సంవత్సరం. కాలేజీ క్రికెట్ జట్టు పదకొండు మందిలో ఏడుగురం ఈ చాదర్‌ఘాట్ హాస్టల్ వాళ్ళమే. పొద్దున ఆరింటికల్లా విక్టరీ ప్లేగ్రౌండ్‌కు చేరేవాళ్ళం. మూసీ వైపు నుంచి చలిగాలి, దాని వెంటే ఆ వాసన. వారం రోజులకు అలవాటైపోయింది.

సీజన్ మొదటి మ్యాచ్‌కు ముందు రాత్రి మెస్‌లో లైటు కింద లాంగ్ నోట్‌బుక్ పెట్టుకుని జట్టు రాశాం. ఓపెనింగ్ ఎవరు, వన్ డౌన్ ఎవరు అని పదకొండు గంటల దాకా కొట్లాడాం. ఆరో నంబర్లో దిగమన్నందుకు వికారాబాద్ అలిగి అన్నం కూడా తినలేదు. బౌలింగ్ సంగతి మాత్రం రెండు నిమిషాల్లో తేలిపోయింది. "అచ్చంపేట ఉన్నాడు గదా" అన్నారు ఎవరో. అంతే, పుస్తకం మూసేశాం.

మావి 35 ఓవర్ల మ్యాచ్‌లు. ఒక్కరు ఏడు ఓవర్లకు మించి వేయకూడదు. అంటే ఐదుగురు బౌలర్లు ఉండి తీరాలి. మా దగ్గర నిజంగా బౌలర్ అనదగినవాడు అచ్చంపేట ఒక్కడే. మొదటి సంవత్సరం తమ్ముడు. పొడుగ్గా, సన్నగా ఉండేవాడు. జుమేరాత్ బజార్‌లో కొన్న పాత స్పైక్స్ ఒక సైజు పెద్దవి, ముందు కాగితాలు కూరి వేసుకునేవాడు. రెండోవాడు దేవరకొండ, కాస్త మీడియం పేస్. మిగతా ఓవర్లు ఎవరికి తోచినట్టు వాళ్ళం వేశాం.

మొదటి మ్యాచ్‌లో అచ్చంపేట నాలుగు వికెట్లు తీశాడు. రెండో దానిలో మూడు. కాలేజీలో అందరూ మా వైపు తిరిగి చూశారు. గుడ్డు పెట్టే రోజు మాలో ఇద్దరు తమ గుడ్డు కూడా తీసి అచ్చంపేట ప్లేట్లో వేసేవాళ్ళు. గుడ్లు లెక్కపెట్టాం గానీ బంతులు లెక్కపెట్టలేదు.

అసలు తప్పు మ్యాచ్‌లో జరగలేదు, నెట్స్‌లో జరిగింది. మ్యాచ్‌లో ఏడు ఓవర్లంటే 42 బంతులే. నెట్స్‌లో మాత్రం తొమ్మిది మందిమి తలా రెండు ఓవర్లు అతని దగ్గరే ఆడతామనేవాళ్ళం. స్పీడ్ బౌలింగ్ ప్రాక్టీస్ కావాలి కదా మరి! అంటే రోజుకు 108. వారానికి నాలుగు రోజులు, 432. వారంలో రెండు మ్యాచ్‌లవి 84 కలిపితే 516. ఈ కూడిక అప్పుడు చేయలేదు, అంతా అయ్యాక చేశాం. మాలో ఇద్దరం బీకాం విద్యార్థులం, అది కూడా చెప్పుకోవాలి.

మూడో వారంలో ఒక పొద్దున అచ్చంపేట వంగి బకెట్ ఎత్తలేకపోయాడు. "ఏం లేదన్నా, పట్టేసింది" అన్నాడు. ఆ రోజు కూడా బౌలింగ్ వేశాడు. మేమే వేయించాం. నాలుగు రోజుల తర్వాత దవాఖానకు తీసుకుపోతే నడుము ఎముకలో సన్నని చీలిక అని, మూడు నెలలు పరుగెత్తవద్దని చెప్పారు. వయసులో ఉన్న ఫాస్ట్ బౌలర్లకు ఇది బాగా వచ్చే జబ్బేనట. ఎముక పూర్తిగా గట్టిపడక ముందే అదే చోట మళ్ళీ మళ్ళీ ఒత్తిడి పడి చీలుతుందట. వాళ్ళ నాయన వచ్చి తీసుకుపోయిండు. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. "పిలగాడు ఆటంటే పడి సస్తడు సార్" అన్నాడు. మమ్మల్ని సార్ అన్నాడు.

అమెరికాలో కాలేజీ బేస్‌బాల్ జట్లు శుక్ర, శని, ఆదివారాల్లో మూడు ఆటలు ఆడితే, మూడింటికీ ఆట మొదలుపెట్టే పిచ్చర్లు వేర్వేరుగా ఉంటారు. అక్కడ పదిహేడు, పద్దెనిమిదేళ్ళ పిల్లలకు పెట్టిన మార్గదర్శకాల ప్రకారం రోజుకు 105 బంతులు గరిష్ఠం. అన్ని వేస్తే నాలుగు రోజులు విశ్రాంతి. బంతి విసిరే చెయ్యి అరిగిపోయే వస్తువని వాళ్ళు ఒప్పుకున్నారు. మేము దాన్ని బోరింగు పంపు అనుకున్నాం.

అంత దూరం పోనక్కర లేదు. 2021 జనవరిలో బ్రిస్బేన్ టెస్టు మేమందరం ఊళ్ళలో ఉండి ఫోన్లలో చూసినవాళ్ళమే. బుమ్రా, అశ్విన్, జడేజా ముగ్గురూ దెబ్బలతో బయట కూర్చున్నారు. ఆ మ్యాచ్ మధ్యలోనే సైనీ కూడా గాయపడ్డాడు. నటరాజన్, వాషింగ్టన్ సుందర్‌లకు అదే మొదటి టెస్టు. మొదటి ఇన్నింగ్స్‌లో ఇద్దరూ చెరి మూడు వికెట్లు తీశారు. రెండో ఇన్నింగ్స్‌లో మన హైదరాబాద్ ఆటో డ్రైవర్ కొడుకు సిరాజ్ ఐదు తీశాడు. 328 కొట్టి మూడు వికెట్ల తేడాతో గెలిచాం. మేము చూసింది సిరాజ్‌ను, పంత్‌ను. నలుగురు పోతే ఇంకో నలుగురు తయారుగా ఉన్నారన్న సంగతి చూడలేదు.

అచ్చంపేట వెళ్ళాక నాలుగో మ్యాచ్‌కు బౌలర్లు కావాలి. అప్పుడు గుర్తొచ్చాడు జహీరాబాద్, మా కిట్ బ్యాగు మోసే పదకొండో నంబర్ మనిషి. ఆఫ్ స్పిన్ వేస్తానని మొదటి రోజు నుంచీ చెప్తూనే ఉన్నాడు. మేము నవ్వేవాళ్ళం. గులాం అహ్మద్, శివలాల్ యాదవ్, అర్షద్ అయూబ్ ఆడిన ఊళ్ళో ఉండి ఆఫ్ స్పిన్నర్‌ను చూసి నవ్వాం! మ్యాటింగ్ మీద అతని బంతి జర్రున తిరిగింది. ఏడు ఓవర్లు, పందొమ్మిది పరుగులు, రెండు వికెట్లు. అలిగిన వికారాబాద్ కూడా ఐదు ఓవర్లు వేశాడు, పరవాలేదు. ఆ మ్యాచ్ ఆరు పరుగులతో ఓడిపోయాం.

అచ్చంపేట కానిస్టేబుల్ కావాలనుకున్నాడు. 2022 ఏప్రిల్‌లో నోటిఫికేషన్ పడింది. ప్రిలిమినరీ పాసయ్యాడు. ఆ చలికాలం జరిగిన దేహదారుఢ్య పరీక్షల్లో 1600 మీటర్ల పరుగు గట్టెక్కాడు. లాంగ్ జంప్‌లో పోయింది. నడుము వల్లనే అని తను ఎప్పుడూ అనలేదు. మేమూ అడగలేదు. అడిగే ధైర్యం లేకపోయింది అంటే సరిగ్గా ఉంటుంది.

ఇప్పుడు మేము పీజీలో ఉన్నాం. తను ఊళ్ళో ఉండి మళ్ళీ నోటిఫికేషన్ కోసం చదువుకుంటున్నాడు. హాస్టల్ జట్టుకు ఇప్పుడొక పుస్తకం ఉంది. మెస్ హాజరు రిజిస్టర్ పక్కనే మేకుకు వేలాడుతుంది. ఎవరు ఎన్ని బంతులు వేశారో, నెట్స్‌వి కూడా కలిపి, రోజూ రాయాలి. రాయని రోజు ప్రాక్టీస్ లేదు. తమ్ముళ్ళు విసుక్కుంటారు.

మొన్న ఆదివారం రాత్రి అచ్చంపేట ఫోన్ చేశాడు. ఇంట్లో అందరూ బాగేనా అని మేము అడుగుతుండగానే, "అన్నా, కొత్తగ వచ్చిన లెఫ్ట్ హ్యాండ్ పిలగానితోని నిన్న ఎన్ని బాల్స్ ఏపిచ్చిండ్రు?" అన్నాడు. మాలో ఒకడు పుస్తకం తేవడానికి మెస్‌లోకి పరుగెత్తాడు.