రెండు దర్యాప్తులు

అపరాధ పరిశోధన నవల అనగానే అది కాలక్షేపానికి చదివే పుస్తకమన్న భావం చాలామందిలో ఉంది. హత్య జరుగుతుంది, అనుమానితులు ఒక్కొక్కరుగా తెరమీదికి వస్తారు, చివరి పుటలలో హంతకుడు దొరుకుతాడు. అంతటితో పాఠకుని ఉత్కంఠ తీరుతుంది. కాని హతుల మాటేమిటి? వారి మరణం ఇంతకాలం ఎవరికీ ఎందుకు పట్టలేదు? ఈ ప్రశ్నలను సూటిగా అడిగిన నవల ఒకటి 2005లో స్వీడన్ దేశంలో వెలువడింది. దాని మూలనామానికి 'స్త్రీలను ద్వేషించే పురుషులు' అని అర్థం. 2008లో వచ్చిన ఆంగ్లానువాదం ద్వారా అది 'ది గర్ల్ విత్ ద డ్రాగన్ టాటూ' అన్న పేరుతో లోకప్రసిద్ధి పొందింది. రచయిత స్టీగ్ లార్సన్‌కు అదే తొలి నవల.

లార్సన్ 1954లో జన్మించారు. స్వీడన్‌లోని ఒక వార్తాసంస్థలో చాలాకాలం చిత్రరూపకల్పన విభాగంలో పనిచేశారు. 1995లో 'ఎక్స్‌పో' అనే పత్రిక స్థాపనలో పాలుపంచుకున్నారు. జాతివిద్వేషాన్ని రెచ్చగొట్టే ముఠాల గుట్టు బయటపెట్టడమే ఆ పత్రిక ధ్యేయం. అందువల్ల ఆయనకు బెదిరింపులు తప్పలేదు. పగలు ఈ పోరాటం, రాత్రి నవలారచన. అలా మూడు నవలలు పూర్తిచేసిన ఆయన 2004 నవంబరు 9న తన కార్యాలయపు మెట్లెక్కి వెళ్లి, గుండెపోటుతో మరణించారు. అప్పటికి ఆయన వయస్సు యాభై ఏళ్లు. తన తొలి నవలను అచ్చులో చూసుకొనే భాగ్యం ఆయనకు దక్కలేదు.

ఆ నవలలో కథ 1966 నాటి ఒక ఘటన చుట్టూ తిరుగుతుంది. హారియెట్ అనే పదహారేళ్ల బాలిక ఒక ద్వీపం నుండి అదృశ్యమవుతుంది. మొరెల్ అనే పోలీసు అధికారి ఆ కేసును దర్యాప్తు చేస్తాడు. ద్వీపమంతా గాలిస్తాడు, వందలకొద్దీ పుటల నివేదికలు సిద్ధం చేస్తాడు, ఫలితం శూన్యం. ఉద్యోగ విరమణ తరువాత కూడా ఆ కేసు అతని మనస్సును వీడదు. దాదాపు నాలుగు దశాబ్దాలు గడిచాక మికాయెల్ బ్లూమ్‌క్విస్ట్ అనే పాత్రికేయుడు ఆ పాత కాగితాలను మళ్లీ తిరగవేస్తాడు. లిస్బెత్ సలాండర్ అనే యువతి అతనికి తోడవుతుంది.

పోలీసులు చూడనిది పాత్రికేయుడు ఎలా చూడగలిగాడు? అతడు మొరెల్ కంటే తెలివైనవాడని రచయిత చెప్పడు. మొరెల్ శ్రద్ధగా భద్రపరచిన కాగితాలే లేకపోతే మికాయెల్ ఒక్క అడుగు ముందుకు వేయగలిగేవాడు కాదు. తేడా అల్లా వారు వెదికిన చోటులోనే ఉంది. అదృశ్యమైన రోజున ఊరేగింపు చూస్తున్న హారియెట్ ముఖం స్థానిక పత్రిక ఫొటోగ్రాఫరు తీసిన చిత్రాలలో కనిపిస్తుంది. పత్రికా కార్యాలయంలో మరుగునపడి ఉన్న ఆ నెగటివులను వరుసగా పేర్చి చూసినప్పుడు, ఆమె ఎవరినో చూసి భయపడినట్లు తెలుస్తుంది. అలాగే ఆమె దినచర్య పుస్తకంలోని పేర్లను, అంకెలను పోలీసులు టెలిఫోను సంఖ్యలని భావించారు. నిజానికి అవి బైబిలు వాక్యాల సంఖ్యలు. ఆ జాబితాను పట్టుకొని వెదికితే వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు సంవత్సరాలలో హతులైన స్త్రీల వివరాలు బయటపడతాయి. ఒక్కొక్క ఊరి పోలీసులు తమ కేసును మాత్రమే చూశారు. వాటన్నిటినీ కలిపే దారం ఎవరి కంటా పడలేదు.

నవలలోని నాలుగు భాగాల ఆరంభంలోనూ స్వీడన్‌లో స్త్రీలపై జరిగే హింసకు సంబంధించిన ఒక్కొక్క గణాంకం ఉంటుంది. కథ కల్పితమే అయినా, దానికి మూలమైన వేదన కల్పితం కాదని రచయిత ఆ విధంగా గుర్తుచేస్తాడు.

హంతకుడు బయటపడిన తరువాతనే మికాయెల్‌కు అసలు పరీక్ష ఎదురవుతుంది. నిజాన్ని ప్రకటించడం పాత్రికేయుని ధర్మం. కాని ఆ నిజం అచ్చయితే ప్రాణాలతో మిగిలినవారి గాయాలు నడివీధిన పడతాయి. అతడు మౌనం వహించడానికి అంగీకరిస్తాడు; అందుకు తనను తాను క్షమించుకోలేకపోతాడు. ఆ మౌనానికి మూల్యంగా హతుల కుటుంబాలకు పరిహారం అందాలని, బాధిత స్త్రీలను ఆదుకొనే సంస్థకు ఏటా విరాళం ఇవ్వాలని లిస్బెత్ పట్టుబడుతుంది. ఇది న్యాయమా, రాజీయా? తీర్పును రచయిత పాఠకునికే విడిచిపెట్టాడు.

నేరస్థుని గుర్తించడంతో ఒక దర్యాప్తు ముగుస్తుంది. ఆ నేరం అంతకాలం దాగి ఉండడానికి తోడ్పడిన నిర్లక్ష్యాన్ని, మౌనాన్ని గుర్తించడం రెండవ దర్యాప్తు. మొదటిదానికి చట్టం, అధికారం కావాలి. రెండవదానికి పత్రిక చదివే ప్రతి పౌరుని మెలకువ కావాలి.