బండల కింద గడ్డివామి

కెనడాలోని బాన్ఫ్ నేషనల్ పార్కు గేటు దాటాక రోడ్డుకి రెండు పక్కలా కంచె మొదలైంది. మనిషి చెయ్యెత్తితే గాని పై తీగ అందదు. కాసేపటికి రోడ్డు మీదుగా అడ్డంగా ఒక వంతెన కనిపించింది. దాని మీద బండ్లు లేవు, మనుషులు లేరు. చెట్లున్నాయి, గడ్డి ఉంది.

"ఇది ఎవరి కోసమమ్మా?" అని అడిగాను.

"జంతువుల కోసం నాన్నా" అంది మా అమ్మాయి.

కాల్గరీ నుంచి మేం వస్తున్నది ట్రాన్స్ కెనడా హైవే. పగలూ రాత్రీ లారీలు ఆగవు. బండ్ల కింద పడి చచ్చే జంతువులు ఎక్కువైపోతుంటే ముందు కంచె వేశారు, 1990ల్లో ఈ వంతెనలు కట్టడం మొదలుపెట్టారు. ఇప్పుడు పార్కులో రోడ్డు పైనుంచి దాటేవి 6, కిందనుంచి దూరి పోయేవి 38. కట్టిన కొత్తలో గ్రిజ్లీ ఎలుగులు వాటి దరిదాపులకి రాలేదు. నమ్మకం కుదరడానికి ఏళ్ళు పట్టింది. వాటికీ తోడేళ్ళకీ ఆకాశం కనిపించే వెడల్పాటి వంతెనలు కావాలి. నల్ల ఎలుగులకి మాత్రం ఇరుకు దారులే ఇష్టం. మొత్తం మీద బండ్లు గుద్దడం 80 శాతానికి పైగా తగ్గింది. మన నల్లమలలో శ్రీశైలం రోడ్డు రాత్రిపూట మూసేస్తారు. మనం పులికి రాత్రిని వదిలిపెట్టాం, వీళ్ళు ఎలుగుకి వంతెన కట్టిచ్చారు. నాకు ఆ వంతెన కింద నుంచి వెళ్తుంటే చేతులు జోడించాలనిపించింది.

నిరుడు సెప్టెంబరు మొదటి వారంలో చేసిన ప్రయాణం ఇది. నేను, మా ఆవిడ, అమ్మాయి, అల్లుడు. "మామయ్యా, ఎలుగుబంటిని చూపించకుండా మిమ్మల్ని ఇండియా పంపను" అని మా అల్లుడి పట్టుదల. రెండు రోజులు బాన్ఫ్‌లోనూ లేక్ లూయీస్‌లోనూ తిరిగాం. జనం చాలా ఎక్కువ.

మూడో రోజు పొద్దున్నే మొరెయిన్ సరస్సుకి వెళ్ళాం. 2023 నుంచి అక్కడికి సొంత బండ్లని రానివ్వడం లేదు. బస్సు దిగేసరికి సరస్సు వెనక పది శిఖరాలూ మీద ఎండ పడి ఎర్రగా ఉన్నాయి, కింద నీళ్ళు నెమలి కంఠం రంగులో ఉన్నాయి. మంచు నది కొండని అరగదీస్తే వచ్చే రాతి పిండి నీళ్ళలో కలిసి ఆ రంగు తెస్తుంది. ఒకప్పటి కెనడా ఇరవై డాలర్ల నోటు మీద ఉన్నది ఈ సరస్సే. 1899లో వాల్టర్ విల్‌కాక్స్ అనే ఆయన సరస్సు మొదట్లో ఉన్న రాళ్ళ గుట్టని చూసి, మంచు నది తోసుకొచ్చి పోసిన కుప్ప అనుకుని ఆ పేరు పెట్టాడు. ఆ కుప్పని ఇంగ్లీషులో మొరెయిన్ అంటారు. పై కొండ నుంచి విరిగిపడిన రాళ్ళవి అని తర్వాతి వాళ్ళు అంటారు. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

ఆ గుట్ట మెట్లెక్కి అందరూ సరస్సు వైపు తిరిగి ఫోటోలు తీసుకుంటున్నారు. మా ఆవిడకి మోకాళ్ళ నొప్పి. సగంలో ఒక చదునైన రాయి చూసుకుని కూర్చుంది, వెనక బండల వైపు మొహం పెట్టి.

"ఏవండీ, ఇటు రండి. ఇదేదో గడ్డి మోసుకుపోతోంది" అని పిలిచింది.

ముందు నాకేమీ కనపడలేదు. బూడిద రంగు బండలు, వాటి మీద బూడిద రంగు మచ్చలు. తర్వాత ఒక మచ్చ కదిలింది. గుప్పెట్లో పట్టేంత ఉంది. గుండ్రటి ఒళ్ళు, గుండ్రటి చెవులు, తోక కనపడదు. నోట్లో అడ్డంగా ఒక కాడ పట్టుకుంది. ఆ కాడ దాని ఒంటికి రెండింతలు పొడవు, చివర గులాబీ రంగు పువ్వులు వేలాడుతున్నాయి. బండ మీంచి బండ మీదకి దూకి, ఒక సందు దగ్గర ఆగి, తల ఒక పక్కకి తిప్పి కాడని నిలువుగా చేసుకుని లోపలికి దూరింది. మోపు నెత్తిన పెట్టుకుని తడిక దాటేటప్పుడు మా అమ్మ సరిగ్గా అలాగే తిరిగేది.

రెండు నిమిషాల్లో ఖాళీ నోటితో బయటికొచ్చింది. బండ ఎక్కి "ఈంక్" అని ఒక్క అరుపు అరిచింది. రబ్బరు బొమ్మని నొక్కితే వచ్చే చప్పుడు. మళ్ళీ కిందికి, పచ్చిక లోకి. పళ్ళతో కొరికి ఒక్కో పరకా జమచేసుకుని, మూతి పట్టినంత పట్టుకుని మళ్ళీ పైకి. మా ఆవిడ లెక్కపెట్టింది. మేం కూర్చున్న అరగంటలో పదకొండు తిరుగుళ్ళు.

పార్కు యూనిఫాం వేసుకున్న ఒక అమ్మాయి అటుగా వస్తే మా అమ్మాయి ఆపి అడిగింది. దాని పేరు పైకా. కుందేలుకి దగ్గరి చుట్టం. ఈ కొండల్లో ఎలుగు చలికాలమంతా పడుకుంటుంది, ఉడతల్లోనూ కొన్ని పడుకుంటాయి. పైకా పడుకోదు. ఆరేడు నెలలు మంచు కింద, ఈ బండల సందుల్లో, మెలకువగా తిరుగుతూ ఉంటుంది. ఆ నెలల తిండి అంతా ఎండాకాలం చివర్న ఇలా కోసి దాచుకోవాలి. ఎవరి బండలు వాళ్ళవి, ఎవరి వామి వాళ్ళది. ఏమరుపాటుగా ఉంటే పక్క పైకా వచ్చి గడ్డి ఎత్తుకుపోతుంది. ఇందాక అరిచింది అందుకే, ఇది నా హద్దు అని.

మా అమ్మాయి ఇదంతా తెలుగులో చెబుతుంటే మా ఆవిడ మధ్యలో ఆపింది. "పచ్చిగడ్డి అలా కుక్కితే లోపల ఉడికి మురిగిపోదూ? అడుగు."

రైతు ఇంట్లో పుట్టిన మనిషి మాత్రమే అడిగే ప్రశ్న అది. మా తెనాలి వైపు కోత అయ్యాక వరి పనలు ఎండితే గాని కుప్ప వెయ్యరు. పిల్లిపెసర, జనుము కూడా ఎండనిచ్చి, వరిగడ్డి వరసకీ వరసకీ మధ్య పరిచి వామి వేస్తారు. తడి మీద వేసిన వామిలో చెయ్యి పెడితే పొయ్యి మీద అన్నం గిన్నె ముట్టుకున్నట్టుంటుంది. నాలుగు రోజులు ఆగితే నల్లగా బూజు. పశువు మూతి కూడా పెట్టదు.

ఆ పార్కు అమ్మాయి మొహం వెలిగిపోయింది. మంచి ప్రశ్న అంది. పైకా కోసే మొక్కల్లో కొన్ని విషం లాంటివట. అప్పుడే తింటే దానికి పడదు. అయినా వాటిని ఏరుకుని మరీ తెచ్చి వామిలో పెడుతుంది. ఆ విషమే గడ్డి కుళ్ళకుండా కాపాడుతుంది. నెలలు గడిచేసరికి దాని ఘాటు విరిగిపోతుంది, అప్పుడు తింటుంది.

"మనం కందుల్లో వేపాకు వెయ్యమూ, అలాగన్నమాట" అంది మా ఆవిడ. కాస్సేపు దాన్నే చూస్తూ ఉండి, "దీనికి ఎవరు చెప్పారో!" అని గొంతు తగ్గించి అంది.

ఆ అమ్మాయి చెప్పిన వాటిలో ఒకటి నన్ను బాధపెట్టింది. పైకాకి చలి అంటే భయం లేదు, వేడంటే చావు. దట్టమైన బొచ్చు, లోపల ఎప్పుడూ మండే ఒళ్ళు. 26 డిగ్రీల ఎండలో నీడ దొరక్క కొన్ని గంటలు చిక్కుకుంటే ప్రాణం పోతుంది. మన ఊళ్ళో ఆ 26 డిగ్రీలకి శాలువా కప్పుకుంటారు. చలికాలంలో మంచు తక్కువ పడినా ప్రమాదమే, దానికి దుప్పటి ఆ మంచే. ఎండ ముదిరే కొద్దీ కొండ పైకి జరగాలి. శిఖరం దాటాక జరగడానికి ఏముంది?

ఆ మాట మర్నాడు అథబాస్కా మంచు నది దగ్గర మళ్ళీ గుర్తొచ్చింది. కాలిబాట పక్కన బోర్డులు నాటి, ఫలానా ఏడాది మంచు ఇక్కడి దాకా ఉండేది అని రాశారు. ఒక్కో బోర్డు దాటుకుంటూ నడవాలి. 125 ఏళ్ళలో ఒకటిన్నర కిలోమీటర్లకి పైగా వెనక్కి పోయింది.

ఎలుగుని చూసింది కూడా ఆ రోజే, ఐస్‌ఫీల్డ్స్ పార్క్‌వే మీద. రోడ్డు పక్క పొదల్లో నల్ల ఎలుగు బెర్రీలు తింటోంది. పండిన రోజుల్లో గ్రిజ్లీ అయితే ఒక్క రోజుకి రెండు లక్షల దాకా బెర్రీలు తినగలదట. ఇది కొమ్మని రెండు చేతులా వంచి, నోట్లో పెట్టి దూసేస్తోంది. అప్పటికే పదిహేను కార్లు ఆగి ఉన్నాయి. ఎలుగుకి 100 మీటర్లు దూరం ఉండాలి, కారు దిగకూడదు అని అడుగడుగునా రాసి ఉంది. అయినా ఒకాయన చంటిపిల్లని ఎత్తుకుని ఫోటో కోసం ముందుకి నడుస్తున్నాడు. నా గుండె ఆగినంత పనైంది. మనుషులకి అలవాటు పడిన ఎలుగుని చివరికి చంపాల్సి వస్తుంది. ఆ ఫోటో ఖరీదు దాని ప్రాణం. మా అల్లుడు బండి ఆపలేదు, మెల్లగా పోనిచ్చాడు. అంతే మంచిదనిపించింది.

జాస్పర్ దగ్గరికి వస్తుంటే ఇసుక గట్టున తెల్లటి కొండమేకలు మట్టి నాకుతున్నాయి, ఉప్పు కోసం. 2024 జూలైలో వచ్చిన మంటల్లో ఆ ఊళ్ళో మూడో వంతు కట్టడాలు కాలిపోయాయి. నల్లటి మోళ్ళ మధ్య లేత గడ్డిలో ఎల్క్ దుప్పుల మంద మేస్తోంది. మగది మెడ చాచి, ఈల వేసినట్టు కూత పెట్టింది. ఈ మందల పూర్వీకుల్ని 1920లో యెల్లోస్టోన్ నుంచి తెచ్చి వదిలారు, అప్పటికి ఇక్కడివి దాదాపు పోయాయి కాబట్టి. అన్నిటికీ ఆ అదృష్టం పట్టలేదు. మా అల్లుడు జేబులోంచి 25 సెంట్ల నాణెం తీసి చూపించాడు. దాని మీద కారిబూ జింక బొమ్మ ఉంది. బాన్ఫ్‌లో మిగిలిన ఆఖరి కారిబూలు 2009లో మంచుచరియ కింద పడి పోయాయి. ఆ నాణెం మా ఆవిడ పర్సులో పెట్టుకుంది, ఇప్పటికీ ఉంది.

అయిదో రోజు ఎక్కడా ఆగకుండా కాల్గరీ వచ్చేశాం.

ఈ సంక్రాంతికి అమ్మాయి ఫోన్ చేసింది. అక్కడ మైనస్ ముప్ఫై, మొరెయిన్ దారి అక్టోబరులోనే మూసేశారు, వేసవి మొదట్లో గాని తెరవరు. ఫోన్ పెట్టాక మా ఆవిడ వాకిట్లో ముగ్గు దిద్దుతూ తలెత్తకుండానే అంది.

"సగం వామి అయిపోయి ఉంటుందండీ ఈపాటికి."