బ్రౌన్ దొర పెరిగిన ఊరు

కోల్‌కతా వెళ్లిన తెలుగువాళ్లు కాళీఘాట్, దక్షిణేశ్వర్, బేలూరు మఠం చూసుకుని, రెండు కేజీల రసగుల్లాలు కట్టించుకుని తిరుగు రైలెక్కేస్తారు. ఇంకొక్క పూట చేతిలో ఉంటే మాత్రం హౌరాలో లోకల్ రైలెక్కి శ్రీరాంపూర్‌లో దిగండి. ప్రయాణం నలభై నిమిషాలకు మించదు. పాత ఇంగ్లీషు పుస్తకాల్లో సెరంపూర్ అంటారే, అదే ఇది. గైడ్ అక్కర్లేదు. కాళ్లకు మంచి చెప్పులు, చేతిలో నీళ్ల సీసా ఉంటే చాలు.

హుగ్లీ నది పడమటి ఒడ్డున ఉన్న ఈ ఊరు ఇంగ్లీషువాళ్లది కాదు. 1755లో డెన్మార్క్ వాళ్లు ఇక్కడ స్థావరం పెట్టి, తమ రాజు పేరు మీద ఫ్రెడరిక్స్‌నగర్ అన్నారు. తొంభై ఏళ్ల తర్వాత, 1845లో ఈ ఊరినీ, తమిళనాడులోని తరంగంబాడినీ కలిపి పన్నెండున్నర లక్షల రూపాయలకు ఈస్టిండియా కంపెనీకి అమ్మేశారు. అమ్మినవాళ్లే మళ్లీ వచ్చి బాగుచేయడం ఈ ఊరి విచిత్రం. కూలిపోతున్న భవనాలను డెన్మార్క్ నేషనల్ మ్యూజియం, పశ్చిమ బెంగాల్ హెరిటేజ్ కమిషన్ చేతులు కలిపి నిలబెట్టాయి.

స్టేషన్ నుంచి తూర్పుగా, నది వైపు నడవండి. సైకిల్ రిక్షాలు, టోటోలు మీద మీదకొస్తాయి కానీ వద్దనండి. కోర్టు ఆవరణలో డేనిష్ గవర్నర్ బంగళా కనిపిస్తుంది. అక్కడికి దగ్గర్లోనే సెయింట్ ఓలావ్స్ చర్చి. 1806లో పూర్తయిన ఈ చర్చి ముందు భాగంలో డెన్మార్క్ రాజు ఏడో క్రిస్టియన్ రాజముద్ర ఇప్పటికీ ఉంది. మరమ్మతుల తర్వాత 2016లో దీనికి యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారం దక్కింది. నది గట్టు మీద డెన్మార్క్ టావెర్న్. 1786లో మొదలైన ఈ పూటకూళ్ల ఇల్లు కప్పు కూలి, మొండి గోడలతో మిగిలితే, మళ్లీ కట్టి 2018లో కాఫీ హోటల్‌గా తెరిచారు. ఎదురుగా అవతలి ఒడ్డున బారక్‌పూర్. గవర్నర్ జనరళ్లు వేసవి విడిదికి వచ్చే చోటు.

ఫొటోలు తీసుకునేవాళ్లు చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. మనకు కావలసిన ఊరు ఇక్కణ్నుంచే మొదలవుతుంది.

నది వెంట దక్షిణంగా వెళ్తే సెరంపూర్ కాలేజీ. ఎత్తయిన స్తంభాలు, డెన్మార్క్ రాజు కానుకగా పంపిన ఇనుప మెట్లు. 1818లో 37 మంది విద్యార్థులతో మొదలైంది. 1827లో డెన్మార్క్ రాజు దీనికి డిగ్రీలిచ్చే అధికారం ఇచ్చాడు. మన ఊళ్లలో పాస్టర్ల పేర్ల పక్కన బి.డి. (సెరంపూర్) అని చూసే ఉంటారు. ఆ డిగ్రీ మూలం ఇదే! లోపల కేరీ లైబ్రరీ ఉంది. ముందుగా అనుమతి తీసుకుని వెళ్తే మంచిది.

విలియం కేరీ 1800 జనవరిలో ఇక్కడికి చేరాడు. మత ప్రచారకులను కంపెనీ తన ప్రాంతంలోకి రానివ్వని రోజులవి. డేనిష్ జెండా నీడ దొరకబట్టి కేరీ, మార్ష్‌మన్, వార్డ్ ముగ్గురూ ఇక్కడ అచ్చుకూటం పెట్టగలిగారు. దానికి అక్షరాలు చెక్కినవాడు పంచానన్ కర్మకార్ అనే బెంగాలీ కమ్మరి. ఆయన తర్వాత అల్లుడు మనోహర్ ఆ పని అందుకున్నాడు. ముప్పై ఏళ్లలో దాదాపు నలభై భాషలు ఇక్కడ అచ్చెక్కాయి.

అందులో మనదీ ఒకటి. విశాఖపట్నంలో డెస్ గ్రాంజెస్ అనే మిషనరీ ఆనందరాయర్ సాయంతో తెలుగులోకి తెచ్చిన సువార్తలు 1812లో అచ్చయింది ఇక్కడే. అప్పటికి డెస్ గ్రాంజెస్ చనిపోయి రెండేళ్లు. అదే ఏడాది మార్చి 11 రాత్రి అచ్చుకూటం తగలబడింది. కాగితం, రాతప్రతులు బుగ్గయ్యాయి. అచ్చు అక్షరాలు కరిగి ముద్దలయ్యాయి. అక్షరాలకు అచ్చు తీసే ఉక్కు పోగరలు మాత్రం బూడిదలో భద్రంగా దొరికాయి. కరిగిన సీసంతోనే మళ్లీ పోత పోశారు. రెండేళ్లకల్లా, 1814లో, కేరీ తెలుగు వ్యాకరణం ఇక్కణ్నుంచే వెలువడింది. 1818లో కొత్త నిబంధన వచ్చింది. ఆ అనువాదం మనవాళ్లకు పెద్దగా రుచించలేదు, అది వేరే సంగతి.

కేరీ పెంచిన తోట ఉన్న జాగాలో ఇప్పుడు జనపనార మిల్లుంది. చర్చికి రంగులు వేయించినవాళ్లు ఈ అచ్చుకూటం కథను కూడా నడిచే దారిలో నాలుగు బోర్డులు పెట్టి చెప్పిస్తే బాగుండును. రాజముద్ర కన్నా సీసపు అక్షరం తక్కువదేమీ కాదు కదా!

ఇంకాస్త దక్షిణంగా నడిస్తే హౌరాకు నీళ్లందించే వాటర్ వర్క్స్. ఆ ఆవరణలోనే పాత ఆల్డీన్ హౌస్ ఉండేది. 1803లో దాన్ని కొన్నది రెవరెండ్ డేవిడ్ బ్రౌన్, కలకత్తా ఫోర్ట్ విలియం కాలేజీ ప్రోవోస్టు. ఆయన కొడుకే మన సి.పి. బ్రౌన్! 1798లో కలకత్తాలో పుట్టిన చార్లెస్ ఫిలిప్ చిన్నతనం ఈ గంగ ఒడ్డునే గడిచింది. తండ్రి ఇంట్లోనే పిల్లలకు భాషలు నేర్పేవాడు. పక్కనే పాడుపడిన రాధావల్లభ ఆలయాన్ని బ్రౌన్ కుటుంబం అతిథి గృహంగా వాడుకుంది. 1806లో హెన్రీ మార్టిన్ అనే మిషనరీ అందులో ఉండబట్టి దాన్ని ఇప్పటికీ మార్టిన్ పగోడా అంటారు. గేటు దగ్గర అడిగి చూడండి, పనులు లేని వేళ అయితే లోపలికి పంపిస్తారేమో.

1812 జూన్‌లో డేవిడ్ బ్రౌన్ చనిపోయాడు. కుటుంబం ఇంగ్లండ్ వెళ్లిపోయింది. పదమూడేళ్ల ఆ కుర్రాడికి అప్పటికి తెలుగు రాదు. అయిదేళ్లకు కంపెనీ ఉద్యోగిగా మద్రాసులో దిగాక నేర్చుకున్నాడు. నిఘంటువు 1852లో వచ్చింది.

ఓపిక ఉంటే మాహేష్ జగన్నాథ రథం కూడా చూసి రండి. పూరీ తర్వాత అంత పాత రథయాత్ర ఇదేనంటారు. తిరుగు ప్రయాణానికి రైలు వద్దనుకుంటే రేవుకెళ్లి లాంచీ ఎక్కండి. నది దాటితే బారక్‌పూర్, అక్కణ్నుంచి సియాల్దాకు లోకల్ రైళ్లు బోలెడు. సాయంత్రం అయిదు దాటాక లాంచీలో నిలబడటానికి కూడా చోటుండదు. కాస్త ముందే బయల్దేరండి.